చింతపండు మీద ఉక్కు ముక్క

పోలీస్ యాక్షన్ ముగిసిన కొత్తలో, రైళ్ల రాకపోకలు ఇంకా కుదుటపడని రోజుల్లో, సికింద్రాబాద్ స్టేషన్ వెయిటింగ్ రూములో ఒక పెద్దాయన కిటికీ దగ్గర మైక్రోస్కోపు పెట్టుకుని కూర్చున్నాడు. వెలుగు పైనుంచి పడేలా తిప్పిన దాని కింద, అద్దంలా మెరిసే ఉక్కు ముక్క ఉంది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో లోహాలు పరీక్షించే పనట ఆయనది. అది విరిగిన రైలు ఇరుసు ముక్కట.

లెన్సు తుడిచాడు. వెలుతురు తగ్గించాడు. అయినా బొమ్మ సగం తేటగా, సగం మసకగానే ఉందని విసుక్కుని, రైలు కోసం పక్కనే కూర్చున్న నావైపు తిరిగాడు.

“లెన్సుది తప్పు గాదు బిడ్డా, ముక్కనే ఒక దిక్కు ఒరిగింది. నీ మూటల మెత్తగ ఏమన్న ఉన్నదా?”

చింతపండు ఇచ్చాను. ఆ ముద్ద మీద ముక్కను పెట్టి, పైన కాగితం పరిచి, గాజు పలకతో సమంగా నొక్కి, ఆ రెండూ తీసేసి మళ్ళీ మైక్రోస్కోపు కింద పెట్టాడు. తను చూడకుండా నన్ను పిలిచాడు.

“ఏం కనవడ్తుందో నువ్వు జెప్పు.”

కన్ను ఆనించి ఊపిరి బిగబట్టాను. ఉక్కు నిండా పొలాల గట్లలాంటి సన్నని గీతలు! ఇనుములో ఇంత లోకం ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. వాటి మధ్య ఒక పగులు.

“పగులు నిండ బూడిద రంగు పేరుకున్నది, చాచా.”

“గది తుప్పు, దీంట్ల గట్లనే బూడిద రంగుల కనవడ్తది. పాత పగులు. ఎవ్వరు కొయ్యలే.” ఆయన నా మాట కాగితం మీద రాసుకున్నాడు. “ఇరుసు కోసిండని ఒక పిలగాణ్ణి జైల్ల వేసిండ్రు.”

“మరి మీరే జూడొచ్చు గద?”

“మసకల గూడ నాకు తుప్పే కనవడ్డది, బిడ్డా. కానీ నా కన్నును నేనెట్ల నమ్మాలె? ఆ పిలగాడు నా కొడుకు.”