వీరరాఘవయ్య గారి పొట్టి రివాల్వర్

మా మేనమామ వీరరాఘవయ్య బల్లి కనబడితే మంచం ఎక్కే మనిషి. పెళ్ళయిన కొత్తలో సుబ్బరత్నం అత్తయ్య చేత బల్లిని తోలించి, అది బయటికి పోయిందని ఆవిడ ఒట్టేస్తే గానీ కిందికి దిగలేదట. అలాంటి మనిషి బోధన్ చుట్టుపక్కల చెరకు రైతుల్లో రివాల్వర్ ఉన్న ఏకైక రైతు అయ్యాడు. ఎలా అయ్యాడో చెబుతాను. వీరత్వం కోసం చదివేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను.

తెనాలి దగ్గరున్న కాస్త భూమి అమ్మేసి, నిజాంసాగర్ కాలువ కింద పొలం కొనుక్కుని వచ్చినవాళ్ళలో మామయ్య ఒకడు. మేముండే చోటును మేము ఊరు అనుకునేవాళ్ళం. చుట్టుపక్కలవాళ్ళు ఆంధ్రోళ్ళ క్యాంపు అనేవాళ్ళు. నేను బోధన్‌లో బడిపంతులుగా చేస్తూ మామయ్య పక్కింట్లోనే ఉండేవాణ్ణి.

మామయ్య గట్టుకు అవతలి పొలం ముత్తన్నది. పసుపూ చెరకూ వేసే ఇక్కడి రైతు. మామయ్య వచ్చిన కొత్తలో తలదాచుకోవడానికి ఇల్లు లేకపోతే, ముత్తన్న తన కొట్టంలో ఎడ్లను ఒక మూలకు జరిపి, రెండో మూల వీళ్ళ సామాను దింపించాడు. సుబ్బరత్నం అత్తయ్యకు జొన్నరొట్టె చెయ్యడం నేర్పింది ముత్తన్న భార్య సాయవ్వ. అత్తయ్య చేసిన మొదటి రొట్టెను ఎడ్లు కూడా ముట్టలేదని సాయవ్వ చనిపోయేదాకా చెప్పుకుని నవ్వింది.

ఇక దసరా సంగతి చెప్పాలి. ఇక్కడ దసరా సాయంత్రం జమ్మి ఆకు తెచ్చి, బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టి, గుండెలకు హత్తుకుంటారు. అలయ్ బలయ్ అంటారు. మా కోస్తావాళ్ళకు మగవాడు మగవాణ్ణి కావలించుకోవడం అలవాటు లేదు. మొదటి దసరాకు ముత్తన్న రెండు చేతులూ చాపి వస్తుంటే, కొట్టడానికి వస్తున్నాడనుకుని మామయ్య వెనక్కి తగ్గాడు. ఆ తర్వాత మాత్రం ఆ కౌగిలి లేనిది ఆయనకు పండగ అయినట్టే ఉండేది కాదు. మధ్యాహ్నం నుంచే ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర తచ్చాడేవాడు. ఆ జిల్లా మొత్తం మీద తనకు ఒక మనిషి ఉన్నాడని ఏడాదికోసారి రూఢి చేసుకునే వేళ అది.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ గొడవలు మొదలయ్యాయి. మమ్మల్ని వెళ్ళిపొమ్మని నిజామాబాద్ గోడల మీద రాతలు వెలిశాయి. క్యాంపులో కొందరు ఆడవాళ్ళనూ పిల్లలనూ రైలెక్కించేశారు. ఒకరోజు ఓ లారీ నిండా కుర్రవాళ్ళు కేకలేసుకుంటూ మా క్యాంపు దాకా వచ్చారు. ముత్తన్న అప్పటికే తన నులక మంచం తెచ్చి మామయ్య గేటుకు అడ్డంగా వేసుకుని, బీడీ ముట్టించి కూర్చున్నాడు.

"గీ ఇంట్ల మా అన్న ఉంటడు. ఏమన్న మాట్లాడేదుంటె నాతోని మాట్లాడుండ్రి బిడ్డా" అన్నాడు.

కుర్రవాళ్ళు కాసేపు తటపటాయించి, మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయారు. నీళ్ళ చెంబు తెచ్చింది సుబ్బరత్నం అత్తయ్య. మామయ్య ఎక్కడున్నాడంటే, లోపల ధాన్యం బస్తాల వెనక ఉన్నాడు. లారీ చప్పుడు ఆగిపోయాక కూడా చాలాసేపు అక్కడే ఉన్నాడు.

ఇంకెవరైనా అయితే ముత్తన్న చేతులు పట్టుకుని ఊరుకునేవాడు. మామయ్య చేతులూ పట్టుకున్నాడు, కళ్ళనీళ్ళూ పెట్టుకున్నాడు, వారం తిరక్కుండా నా దగ్గరికొచ్చి రివాల్వర్‌కు దరఖాస్తు రాసిపెట్టమన్నాడు.

"ముత్తన్న ఉన్నాడు కదా మామయ్యా" అన్నాను.

"ఉన్నాడ్రా. కానీ ఎల్లకాలం మంచం వేసుకుని కూర్చుంటాడా? రేపు అతని మనసే మారితే?"

ఆ చివరి మాట ఆయన నోటి నుంచి వచ్చాక మేమిద్దరం కాసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. గేటు దగ్గర కాపలా కూర్చున్న మనిషితో, నీకూ నీవాళ్ళకూ భయపడి తుపాకి కొంటున్నానని ఎలా చెబుతాడు? చెప్పలేదు. అడవి పందులు చెరకు తొక్కేస్తున్నాయి, వాటి కోసమని చెప్పాడు. పందుల బాధ నిజమే. సిరికొండ గుట్టల నుంచి దిగినవో, ఎక్కడివో గానీ, తోటలో పడితే సగం తొక్కి సగం తినేవి.

విచారణకు హెడ్ కానిస్టేబుల్ వచ్చి, ఈయన నడవడిక ఎలాంటిదని పక్క పొలం రైతును అడిగాడు. పక్క పొలం రైతంటే ముత్తన్నే.

"మంచోడు సార్. కోడిని కోస్తుంటె కండ్లు మూసుకుంటడు. పందులు మస్తు సతాయిస్తున్నయ్. రాఘవన్నకు తుపాకి అస్తె మాకు గూడ ఆసరె" అని ముత్తన్న సంతకం చేశాడు. అంటే, ముత్తన్న మీది భయంతో కొనే ఆయుధానికి ముత్తన్నే జామీను ఉన్నాడన్నమాట.

సర్కారు పని కదా, లైసెన్సు వచ్చేసరికి గొడవలు చల్లారి, రైలెక్కిన ఆడవాళ్ళు తిరిగొచ్చి, ఆవకాయలు కూడా పెట్టుకున్నారు. ఇక దేనికి మామయ్యా అంటే, "వచ్చిన లైసెన్సును వదులుకుంటామా?" అన్నాడు. నన్ను వెంటబెట్టుకుని హైదరాబాదు బయల్దేరాడు.

ఆబిడ్స్‌లో ఓ తుపాకుల దుకాణం. తెల్లగడ్డం సాయిబు ఎదురొచ్చి, "దేనికి కావాలి సాబ్?" అన్నాడు. మామయ్య అలవాటుగా "పందులకండీ" అనేశాడు. సాయిబు నిలువెత్తు తుపాకి తీసి బల్ల మీద పెట్టాడు. మామయ్య, "అది కాదండీ, చిన్నది. బయటికి కనబడకూడదు" అన్నాడు. సాయిబు నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

తర్వాత పొడుగు గొట్టం రివాల్వర్ ఒకటి చూపించాడు. మామయ్య దాన్ని పంచె మడతలో దోపుకుని కుర్చీలో కూర్చుని చూశాడు. తొడలో పొడిచింది. ఇంకా చిన్నది కావాలన్నాడు. చివరికి ఒకటి వచ్చింది. ముక్కు తెగ్గోసినట్టు పొట్టి గొట్టం, అరచేతిలో దాదాపు ఇమిడిపోతుంది. ఎవరో దొరగారు వాడి వదిలేసిన సరుకు. కూర్చున్నా లేచినా అది పొడవలేదు. మామయ్య ముఖం వెలిగిపోయింది. దానితో దేన్ని కొట్టవచ్చో అడగలేదు, నడుములో కుదిరింది, అంతే చాలు.

"సాబ్, ఇది దూరానికి పనికిరాదు" అని సాయిబు హెచ్చరించాడు. "నేను మీకు ఎంత దూరంలో ఉన్నానో, అంతవరకే."

"అంత చాలండీ" అన్నాడు మామయ్య.

చొక్కా కింద కట్టుకోవడానికి నిజామాబాద్‌లో తోలు సంచీ కుట్టించాడు. ఇక మొదలయ్యాయి పాట్లు. నాటు వేసేచోట వంగలేడు. కింద బాసీపట్టు వేసుకుని భోంచెయ్యలేడు. చెమటకు తోలు ఒరుసుకుని నడుము చుట్టూ పొక్కులు లేచాయి. కాలువలో స్నానానికి దిగితే బట్టల మీద నుంచి చూపు తిప్పలేడు. అంతకుముందు చక్కెర ఫ్యాక్టరీ ముందు చెరకు బండ్ల వరుసలో తన బండి ఆగితే, గడల మీదే పడుకుని హాయిగా గురకపెట్టేవాడు. ఇప్పుడు నిద్రపోతే ఎవరైనా దాన్ని కాజేస్తారని నిటారుగా కూర్చునేవాడు. కొనకముందు ఆయనకు మనుషుల భయం ఒక్కటే. కొన్నాక దాన్ని పోగొట్టుకుంటానన్న భయం కూడా తోడైంది.

"ఏవండీ, దొంగలొస్తే మీరు చొక్కా ఎత్తి, సంచీ విప్పి, దాన్ని తీసేదాకా వాళ్ళు ఆగుతారా?" అని అత్తయ్య అడిగింది. నన్నడిగితే ఆవిడకే లైసెన్సు ఇవ్వాల్సింది.

ఆ ఏడు దసరా వచ్చింది. మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కింద ఆ సంచీ ఉంది. తీసి లోపల పెట్టండి అని అత్తయ్య మొత్తుకుంది. పండగ రోజు జనం తిరుగుతుంటారు, ఈరోజే ఉండాలన్నాడు. ముత్తన్న కొత్త రుమాలు చుట్టుకుని, జమ్మి ఆకు పట్టుకుని, ఎప్పటిలాగే చేతులు చాపి వచ్చాడు. అతన్ని చూడగానే మామయ్యకు నడుము సంగతి గుర్తుకొచ్చింది. దూరం నుంచే దండం పెట్టాడు.

"గదేందన్నా, కొత్తగ దండం వెడుతున్నవ్?" అని నవ్వుతూ ముత్తన్న దగ్గరికి లాక్కుని గట్టిగా హత్తుకున్నాడు.

హత్తుకున్నవాడు ఆగిపోయాడు. మెల్లగా వదిలి, మామయ్య పొట్ట వైపు చూశాడు.

"గిదేంది, ఇనుము తీర్గ తాకింది?"

"అబ్బే, ఏం లేదు ముత్తన్నా. అదే... ఆ తుపాకి."

"పందుల తుపాకినా? సూపియ్యి మల్ల. తెచ్చినవని ఇన్నగాని, సూపియ్యకపోతివి."

మామయ్య చొక్కా ఎత్తి, సంచీ విప్పి, తీసి చూపించాడు. ముత్తన్న దాన్ని ముట్టుకోలేదు. వంగి ఒక పక్క నుంచి చూశాడు, ఇంకో పక్క నుంచి చూశాడు. చేలో పందులను తరుముతూ పెరిగినవాడికి ఎవరూ వివరించాల్సిన పని లేదు.

"గిది పందికి గాదు రాఘవన్నా" అన్నాడు, చాలా మెల్లగా. "పంది మనకు గింత దగ్గరికి రాదు. గింత దగ్గరికి అచ్చేది నేనొక్కన్నే."

ముత్తన్న జమ్మి ఆకు ఆయన చేతిలో పెట్టాడు. పెట్టకుండా పోతే బాగుండేదని నాకు అనిపించింది. నెత్తి రుమాలు సర్దుకుని వెళ్ళిపోయాడు.

పోట్లాడి ఉంటే ఎలాగో సర్దుకునేది. ముత్తన్న పోట్లాడలేదు. నీళ్ళ వంతు తప్పలేదు, ఎద్దు కావాలంటే పంపించాడు. కానీ మర్నాటి నుంచి మామయ్యను "దొరా" అనడం మొదలుపెట్టాడు. "మీకు నీళ్ళిడిసిన దొరా." "ఎద్దును తోలిస్త దొరా." ఆ మాట విన్నప్పుడల్లా మామయ్య ముఖం ఎవరో చెంప మీద కొట్టినట్టు అయ్యేది. జిల్లాలో రివాల్వర్ లేని దొరలే ఎక్కువ, రివాల్వర్ ఉన్న మా మామయ్యకు దొరతనం మింగుడుపడలేదు. ఆ చలికాలం ఆయన సగం మనిషయ్యాడు. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

ఇంతలో ఎన్నికలు వచ్చాయి. ఎన్నికలప్పుడు లైసెన్సు ఆయుధాలు పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలని రూలు. మామయ్యా నేనూ బోధన్ స్టేషన్‌కు పోయాం.

"గొడవలు జరిగేది ఈ రోజుల్లోనే కదండీ? ఇప్పుడే తీసేసుకుంటే ఎలా?" అన్నాడు మామయ్య.

"గందుకే గద తీసుకునుడు" అన్నాడు అక్కడి జవాను.

వచ్చేటప్పుడు బస్సులో మామయ్య నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. క్యాంపు వచ్చిందని లేపితే, ఎన్నాళ్ళయిందిరా ఇలా పడుకుని అన్నాడు.

ఎన్నికలయ్యాక స్టేషన్ నుంచి దాన్ని తీసుకుని ఇంటికి తేలేదు. నేరుగా ఆబిడ్స్ సాయిబు దగ్గరికే తీసుకుపోయాడు.

"పందులు పోయినయా సాబ్?" అన్నాడు సాయిబు.

"పందులున్నాయండీ" అన్నాడు మామయ్య. పోయిందేమిటో సాయిబు అడగలేదు.

మరుసటి దసరాకు మామయ్య గేటు దగ్గర నిలబడలేదు. జీవితంలో మొదటిసారి తానే జమ్మి ఆకు తీసుకుని ముత్తన్న ఇంటికి బయల్దేరాడు. ఇస్త్రీ చొక్కా లేదు. ఒంటి మీద బనీను, అదీ పంచెలోకి దోపుకుని, నడుము చుట్టూ ఏమీ లేదని ఊరంతా చూసేట్టు నడిచాడు. ముత్తన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"కూసోండి దొరా" అన్నాడు.

"కూర్చోవడానికి రాలేదు ముత్తన్నా. బంగారం తెచ్చాను" అని మామయ్య ఆకు చేతిలో పెట్టాడు. తానే రెండు చేతులూ చాపాడు.

ముత్తన్న కాసేపు చూశాడు. తర్వాత లేచి వచ్చాడు. హత్తుకునే ముందు అతని కుడిచెయ్యి తనంతట తానే మామయ్య నడుము మీద పడి, ఒకసారి తడిమింది. ఆ పని చేసింది తన చెయ్యేనని తెలిసి ముత్తన్న నిప్పు ముట్టుకున్నట్టు వెనక్కి తీసుకున్నాడు.

"లేదు ముత్తన్నా. అమ్మేశాను" అన్నాడు మామయ్య.

"నేనడగలె గద రాఘవన్నా" అన్నాడు ముత్తన్న. అని, గట్టిగా హత్తుకున్నాడు. మామయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకూ కళ్ళు తడిశాయి.

ఆ తర్వాత మామయ్య బతికినన్నాళ్ళు ముత్తన్న ఏ దసరాకూ రావడం మానలేదు, మళ్ళీ దొరా అనలేదు. కానీ ప్రతి దసరాకూ ఆ చెయ్యి ముందుగా నడుము దగ్గర ఒక్క క్షణం ఆగి, తర్వాత వీపు మీదికి పోయేది. ఆ సంగతి ముత్తన్నకు తెలుసో లేదో నేను చెప్పలేను. మామయ్యకు మాత్రం తెలుసు. అందుకే ఆ చెయ్యి తడుముకోవడానికి వీలుగా, తన చేతులు రెండూ కాస్త పక్కకు ఎత్తిపట్టి నిలబడేవాడు.