పిట్టల గోడకు పరదా

కరోనా తగ్గిన మరుసటి ఏడాది చలికాలంలో కువైట్‌లో జహ్రా అనే ఊళ్లో ఒక కువైటీ ఇంట్లో పనికి కుదిరినాను. వంట వేరే ఆమె చూసేది. నాది లోపలి పని: గదులు తుడవడం, సర్దడం, పెద్దమామాను చూసుకోవడం. ఇంటి యజమానురాలిని మేము మామా అంటాం, ఆమె తల్లి పెద్దమామా.

మామా యూనివర్సిటీలో పాఠాలు చెప్పేది. రెండువేల ఏళ్ల కిందట రోమువాళ్లు ఇండ్ల గోడల మీద వేయించుకున్న బొమ్మల గురించి పుస్తకం రాస్తాండేది. ఫోటోల్లో చూస్తే చాలదంట, అట్లాంటి గదిలో పొద్దు పొడిచిన కాడి నుంచి పొద్దు కుంకేదాకా కూర్చుని వెలుతురు ఎట్ల మారుతుందో చూడాలంట. అందుకని బయటిదేశపు పనివాణ్ణి పిలిపించి, వెనక గదిలో ఒక గోడకు తడి సున్నం మీదనే రంగులు వేయించింది. ఎర్రటి పట్టీలు, దానిమ్మ చెట్లు, కొమ్మకొమ్మకూ పిట్టలు. దానికి తడిగుడ్డ తగలకూడదు. మెత్తటి కుంచెతో పైనుంచి కిందికి దుమ్ము దులపాల. డ్రైవరు రాజన్నది జగిత్యాల. "అక్కా, గా పిట్టలకు గింజలు గూడ నువ్వే ఏస్తున్నవా?" అని ఆటపట్టించేవాడు.

మామా వెలుతురు చూసుకునింది గానీ దిక్కు చూసుకోలేదు. అది మక్కా వైపు గోడ. నమాజుకు అటే తిరగాల, ఎదురుగా ప్రాణుల బొమ్మలు ఉండకూడదు. మోకాళ్ల నొప్పుల పెద్దమామా నమాజు చేసుకునే గది అదే. ఆమె వచ్చి చూసి, "నేను అల్లాకు తల వంచాల్నా, పావురాలకా?" అని వెనక్కి తిరిగింది. ఆ పొద్దు నుంచి పిల్లలు పరుగెత్తే నడవాలో కుర్చీ వేసుకుని నమాజు చేసింది. కూతురితో మాట తగ్గించింది.

మామా నలిగిపోయింది. రంగు సున్నంలో కలిసిపోయినందున పిట్టల వరకే చెరిపేందుకు లేదు, గోడంతా గీకాల్సిందే. చివరికి గీకేవాణ్ణి పిలవమని రాజన్నకు చెప్పేసింది.

ఆ మాట పెద్దమామా చెవిన పడింది. "బిడ్డను ఏడిపించి నమాజు చేసుకోనా?" అని నన్ను పిలిచి తన పెట్టె తీయించింది. అడుగున మందపాటి ఉన్ని పరదా. ఎరుపు నలుపు చారలు, ఒక్క ప్రాణి బొమ్మ లేదు. ఆమె చిన్నప్పుడు ఎడారి డేరాలో ఆడవాళ్ల వైపుకూ మగవాళ్ల వైపుకూ నడుమ కట్టిందంట. "మాకు ఇదే గోడ," అనింది కూతురితో.

మేకు కొడితే సున్నం రాలుతుంది. కాబట్టి రాజన్న పైకప్పుకు కడ్డీ బిగించినాడు, ఉన్ని గోడకు రాసుకోకుండా జానెడు ఎడంగా. మసీదు నుంచి నమాజు పిలుపు, బాంగు, వినపడితే నేను పరదా లాగాల, నమాజు అయినాక తీయాల. రోము ఇండ్లలో కూడా పరదాలు వేసి, తీసి గదిని ఒక్కో పూట ఒక్కో పనికి వాడుకునేవాళ్లని మామా చెప్పింది. ఇంట్లో అది రోజూ చూస్తూ, పుస్తకంలో ఆ సంగతిని ఇంకొంచెం పెంచి రాసింది.

కొన్నాళ్లకు పెద్దమామా నమాజు ముగించి, ఖహ్వా కాఫీ ముందర పెట్టుకుని తనే కేకేసేది: "ఖలాస్, పిట్టలను వదులు!" నేను పరదా తీస్తే ఆ పావురం కాళ్లు పొట్టి, ఈ పిట్ట మెడ వంకర అని వంకలు పెట్టేది. పక్కన మామా కాగితాలు పక్కకు పెట్టి నవ్వేది.

ఇప్పుడు పని మానుకుని రాజంపేటలో ఉండాను. ఇంటిపనికి కొత్తగా పోయేవాళ్లు అడిగితే ఒకటే చెప్తాను. గదిలోకి పోతానే సామాను ముట్టుకోవద్దు. ఏ పూట, ఎవరు, ఎటు తిరిగి కూర్చుంటారో చూసుకోండి. సర్దడం ఆ తర్వాత.