సాంటింగ్ గొట్టాలు, లూడీ బ్యాటరీలు

మరికినా ఊళ్ళో చెప్పుల కార్ఖానాలు ఒకటొకటిగా మూతపడుతున్న రోజుల్లో క్రిసాంటో మకరాయెగ్‌కి నలభై ఏళ్ళు. అందరూ సాంటింగ్ అని, చిన్నవాళ్ళు అన్నా అనే అర్థంలో కుయా అని పిలిచేవారు. ఆడవాళ్ళ చెప్పులకు లేత్ మీద కర్ర మడమలు తిప్పడం అతని పని. కార్ఖానా మూసేసిన రోజున యజమాని పాత లేత్ మెషీన్ అతనికే వదిలేశాడు. దాన్ని ఇంటి ముందు గదిలో బిగించుకుని కర్ర బదులు ఇత్తడి తిప్పడం నేర్చుకున్నాడు. వేప్ అనే కరెంటు సిగరెట్టు పొగ పీల్చేవాళ్ళు వాడే గొట్టాలు చేసేవాడు. వాటిలో సర్క్యూట్ అంటూ ఏమీ ఉండదు. అడుగున మీట నొక్కితే బ్యాటరీలోని కరెంటు నేరుగా పైన వేడెక్కే తీగచుట్టకు, అంటే కాయిల్‌కి పోతుంది. ఎక్కువైతే ఆపే బుర్ర గొట్టానికి లేదు, అది పట్టుకున్న మనిషికే ఉండాలి.

సాంటింగ్ చేతి పని చూసి పక్క ఊరు అంటిపోలో నుంచి కూడా మనుషులు వచ్చేవారు. గొట్టంతో పాటు ఆకుపచ్చ తొడుగు బ్యాటరీలు కూడా అతనే అమ్మేవాడు. వాటి మీద నలభై ఆంప్స్ అని లావుపాటి అక్షరాలుండేవి.

అంతా బాగానే ఉన్న సమయంలో ఎదురింటి వరండాలో లుడివినా కొట్టు పెట్టింది. అందరూ లూడీ అంటారు, భర్త పోయిన మనిషి. ఇరవై ఏళ్ళు టార్చిలైట్లూ లాప్‌టాప్ బ్యాటరీలూ బాగుచేసింది. కొట్టులో ఒక గాజు బల్ల, దాని మీద చిన్న త్రాసు, పక్కన ప్లాస్టిక్ కుర్చీ, అంతే. బ్యాటరీలు తప్ప ఇంకేమీ అమ్మదు. అయినా నెల తిరక్కుండానే జనం సాంటింగ్ దగ్గర గొట్టం కొనుక్కుని, సందు దాటి లూడీ దగ్గర బ్యాటరీ కొనడం మొదలుపెట్టారు. అక్కడితో ఆగినా బాగుండేది. అతని గొట్టాన్నే ఆవిడ చేతిలో పెట్టి, "అతే" అని, అంటే అక్కా అని పిలిచి, "ఇది మంచిదేనా?" అని అడిగేవారు. కిటికీలోంచి అది చూసినప్పుడల్లా సాంటింగ్‌కి కడుపు రగిలిపోయేది.

ఒకసారి ఆవిడ ఒక కుర్రాణ్ణి వెనక్కి పంపేయడం అతను చెవులారా విన్నాడు.

"నీ కాయిల్ ఎన్ని ఓమ్స్?"

"పాయింట్ వన్, అతే."

"నిండా చార్జయిన బ్యాటరీ నాలుగు పాయింట్ రెండు వోల్టులు. పాయింట్ వన్‌తో భాగించు. నలభై రెండు ఆంప్స్ లాగుతుంది. ఆగకుండా అంత మోసే బ్యాటరీ ఈ సైజులో లేదు. పాయింట్ టూ ఫైవ్ చుట్టుకుని రా. అప్పుడు పదిహేడు దాటదు, నాది ఇరవై అయిదు మోస్తుంది."

"కుయా సాంటింగ్ దగ్గర నలభైవి ఉన్నాయిగా?"

"నేను నా దగ్గరున్నవాటి సంగతే చెప్పగలను," అంది లూడీ.

ఆ కుర్రాడు సాంటింగ్ దగ్గరికి వస్తాడేమోనని చూశాడు. రాలేదు. రెండు రోజుల తర్వాత కొత్త కాయిల్ చుట్టుకుని మళ్ళీ ఆవిడ దగ్గరికే పోయాడు.

"సరుకు అమ్మనంటే ఎగబడతారు, అమ్ముతానంటే పారిపోతారు. ఏం మందు పెడుతోందో!" అన్నాడు భార్య అంపారోతో.

"నీకు కుళ్ళు. మందూ లేదు, మాకూ లేదు," అందామె బియ్యం ఏరుతూ.

"కుళ్ళా? నాకా? సరే, నువ్వెళ్ళి రెండు బ్యాటరీలు కొనుక్కురా. పరీక్ష చేసి దాని గుట్టు బయటపెడతాను."

వెళ్ళనని కాసేపు బెట్టు చేసి చివరికి వెళ్ళింది. పది నిమిషాల పనికి గంటన్నర కూర్చుని, చేతిలో నూనెలో వేయించిన వేడి వేడి అరటిపండు తురోన్‌తో తిరిగొచ్చింది.

"ఎంత మంచిదో! బ్యాటరీలు జేబులో తాళాలతో కలిపి పెట్టుకోవద్దని డబ్బా ఊరికే ఇచ్చింది. నీ దగ్గు తగ్గిందా అని కూడా అడిగింది."

"నా దగ్గుతో దానికేం పని?" అని అరిచాడు సాంటింగ్. తురోన్ ముట్టుకోలేదు.

ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పే పినతండ్రి కొడుకు దగ్గర నుంచి పరీక్ష మెషీన్ అరువు తెచ్చాడు. లూడీ బ్యాటరీని ఇరవై ఆంప్స్ మీద పెట్టి, ఎప్పుడు చస్తుందా అని దాని ఎదురుగా కూర్చున్నాడు. అది చావలేదు. కాస్త వెచ్చబడి, రాసిన లెక్క ప్రకారం పనిచేసి, మర్యాదగా ఖాళీ అయింది. రెండోదీ అంతే. ముఖం మాడ్చుకుని, పోనీ తన సరుకు ఇంకెంత గొప్పదో చూద్దామని ఆకుపచ్చది ఎక్కించాడు. మూడు నిమిషాలకే వోల్టులు కుప్పకూలాయి. చేత్తో ముట్టుకుంటే చురుక్కుమంది. గబగబా మెషీన్ ఆపి, దాన్ని పట్టకారుతో ఇసుక బకెట్‌లో పడేశాడు. ఇంకొకటి తూచాడు, లూడీ అమ్మినదానికన్నా బాగా తేలిక. బ్లేడుతో జాగ్రత్తగా తొడుగు చీల్చితే లోపల మాసిపోయిన ఇంకో తొడుగు కనిపించింది. పాత లాప్‌టాప్‌లోంచి పీకినప్పటి అతుకుల మచ్చలు కూడా ఇంకా పోలేదు.

నిజం చెప్పాలంటే అతనికి మొదట కొన్నవాళ్ళు గుర్తుకు రాలేదు. ఈ సంగతి ఆవిడకు తెలుసా అన్నదే మొదట తట్టింది. ఆ తర్వాతే, జనాన్ని ఎక్కించుకు తిరిగే జీప్నీ బండి డ్రైవర్ డాడో గుర్తొచ్చాడు. పోయిన వారమే రెండు ఆకుపచ్చవి పట్టుకెళ్ళాడు. గొట్టాన్ని చొక్కా జేబులో, సరిగ్గా గుండె మీద పెట్టుకుని బండి నడుపుతాడు.

ఎర్రటి ఎండలో జీప్నీలు ఆగే చోటికి పరుగెత్తాడు.

"డాడో! ఆ బ్యాటరీలు తియ్యి! ఇప్పుడే తియ్యి!"

డాడో తువ్వాలుతో స్టీరింగ్ తుడుస్తూ నవ్వాడు. "కంగారుపడకు కుయా. అవి ఆ రోజే అతే లూడీ తీసేసుకుని వేరేవి ఇచ్చింది. నీకు చెప్పొద్దంది."

"ఎందుకట?"

"నీ చేతిలో పనితనముంది, వింటే బాధపడతావని."

ఆవిడ తిట్టి ఉంటే ఇంతగా మండేది కాదు. తన వెనకాల జాలిపడిందన్న మాట సాంటింగ్‌కి కళ్ళలో కారం కొట్టినట్టయింది. అదే ఊపుతో లూడీ గాజు బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

లూడీ బల్ల కింద నుంచి ఒక డబ్బా తీసింది. నిండా ఆకుపచ్చ బ్యాటరీలే, ఒక్కోదానికి రెండు కొసలా టేపు అంటించి ఉంది.

"వానాకాలంలో చెప్పడానికొచ్చాను సాంటింగ్. నన్ను చూసి రేడియో గట్టిగా పెట్టావు."

పెట్టాడు. అతనికి గుర్తుంది.

"నీకు అమ్మినవాడు నిన్ను మోసం చేశాడు," అంది. "ఇంకో మాట, కోపం తెచ్చుకోనంటే చెబుతాను. నీ గొట్టం అడుగున రంధ్రాలు అందానికి పెట్టావు. చాలవు. బ్యాటరీ గ్యాస్ కక్కితే బయటికి పోవడానికి దారుండాలి. లేకపోతే గొట్టమే బాంబు."

"నా గొట్టానికి కూడా వంకేనా?"

"వంక కాదు. ఈ సందులో ఇంత సాఫీగా మర తిప్పేవాడు ఇంకొకడు లేడు. అందుకే చెబుతున్నా."

అతను వెనక్కి తిరిగాడు. ఇంటికొచ్చి మిగిలిన ఆకుపచ్చ సరుకంతా పాత బ్యాటరీలు తీసుకునేవాళ్ళకు అప్పగించాడు. అవి కొన్నవాళ్ళను ఒక్కొక్కరినే వెతికి బ్యాటరీలు వెనక్కి తెచ్చుకున్నాడు. సగంమంది, "అతే లూడీ ఎప్పుడో మార్చేసింది కుయా," అన్నారు. ఆ మాట విన్న ప్రతిసారీ తల వంచుకుని నడిచాడు. ఆ నెలలోనే గొట్టాల అడుగున పెద్ద రంధ్రాలు వేయడం మొదలుపెట్టాడు. బ్యాటరీలు అమ్మడం మానేశాడు. ఎవరైనా అడిగితే ఎదురింటి వైపు గడ్డంతో చూపిస్తాడు, పేరు మాత్రం పలకడు.

అసూయ పోయిందని అంపారో అందరితో చెబుతుంది. పోలేదు. నిన్న కూడా అంటిపోలో నుంచి ఒకతను వచ్చి, "అతే లూడీ మంచిదని చెప్పిన గొట్టం ఇక్కడేనా దొరికేది?" అని అడిగాడు. సాంటింగ్ లేత్ ఆపకుండానే తలూపాడు. బేరం అయ్యాక అతను సందు దాటి వెళ్ళి లూడీతో ఏదో చెప్పి నవ్వుతుంటే, ఏమంటున్నారో వినపడటం లేదని మెషీన్ ఆపేసి కిటికీ దగ్గరికి జరిగాడు.