మూడో బెజ్జం దుమ్ము

కిష్టప్ప కట్టిన గోడ నిటారుగా ఉందో లేదో గుండుదారం వేసి చూడనక్కర్లేదని తాండూరులో అనేవారు. ఆ మాట అబద్ధం కాదు. బొంరాస్‌పేట నుంచి బండలు మోసే కూలీగా వచ్చి, 1969 నాటికి మేస్త్రీ అయిన మనిషి ఆయన. తాండూరులోనూ వికారాబాద్‌లోనూ ఆయన కట్టిన ఇళ్ళు పగుళ్ళు లేకుండా నిలిచాయి. ఆయన్ను తూచేటప్పుడు ఇవన్నీ ఒక తట్టలో పెట్టాలి. రెండో తట్టలో పెట్టవలసింది ఒక్క దిమ్మె.

పప్పు మిల్లులో ఆయిల్ ఇంజన్ కూర్చోబెట్టడానికి 1971లో పోసిన కాంక్రీటు దిమ్మె అది. సాయంత్రంలోగా నిండాలని మిల్లు సేటు ముహూర్తం పెట్టించుకున్నాడు. మధ్యాహ్నానికి సగం వచ్చేసరికి సిమెంటు అయిపోయింది. వికారాబాద్ నుంచి రావలసిన లారీ జాడ లేదు. సిమెంటు, ఇసుక, కంకర కొలిచి మాలు కలిపే పని మత్తయ్యది. లారీ ఎక్కడ ఆగిందో చూసి రమ్మని కిష్టప్పే ఆయన్ను బస్సెక్కించాడు.

పని ఆగిందని సేటుతో చెప్పడం కిష్టప్పకు నామోషీ అనిపించింది. పక్కనే బండలు పాలిష్ చేసేచోట పారేసిన పసుపు బండల ముక్కలు గుట్టగా ఉన్నాయి. దిమ్మెలో ఉత్తరం సగాన వాటిని ఒకదానిమీద ఒకటి పరిపించి, అప్పటికే కలిపి ఉన్న మాలు పైన పోయించి, తాపీతో నున్నగా రుద్దాడు. నునుపు తేలిన బండను కాంక్రీటు పట్టుకోదని తాండూరు మేస్త్రీకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ బండలు అందించిన ఇద్దరు కూలీలు దోమ అనే ఊరినుంచి వచ్చినవాళ్ళు. ఆ వారమే ఊరికి వెళ్ళిపోయారు. మత్తయ్య చీకటిపడ్డాక తిరిగొచ్చేసరికి దిమ్మె నిండి ఉంది. ఉన్న సిమెంటే సరిపోయిందని కిష్టప్ప చెప్పాడు. మత్తయ్య నమ్మాడు.

ఎనిమిది నెలలకు దిమ్మె పగిలింది. ఇంజన్ అదిరి, బోల్టులు ఊడి, కందుల సీజనులో మిల్లు పది రోజులు మూతపడింది. కారణమేమిటని సేటు అడిగాడు. పొద్దున్నే మేస్త్రీలు, కూలీలు పని కోసం చేరే రైల్వే గేటు అడ్డా దగ్గర, పదిమంది వింటుండగా అడిగాడు.

"మాలు కలిపింది మత్తయ్య," అన్నాడు కిష్టప్ప. "నీళ్ళు ఎక్కువ పడ్డయో ఏమో."

అంతకుమించి ఆయన ఏమీ అనలేదు. అనవలసిన అవసరమూ రాలేదు. సేటు దిమ్మెకు ఇనుప పట్టీలు బిగించి ఇంజన్ నడుపుకున్నాడు. మత్తయ్యకు మాత్రం తాండూరులో తాపీ పని పుట్టలేదు. "నీళ్ళ మత్తయ్య" అన్న పేరు మిగిలింది. ఆయన కరణ్‌కోట వైపు సున్నపురాయి గనుల్లో బెజ్జాలు తొలిచే పనికి కుదిరాడు.

ఆ తరువాత ఒకసారి వికారాబాద్ స్టేషన్‌లో కిష్టప్పకు ఆయన కనిపించాడు. కనుబొమల మీద తెల్లటి రాతిదుమ్ము. గోనెసంచి భుజాన వేసుకుని ప్యాసింజరు బండి ఎక్కబోతున్నాడు. కిష్టప్ప అదే పెట్టె మెట్టు మీద కాలు పెట్టినవాడు దిగి, నాలుగు పెట్టెల అవతలికి వెళ్ళి కూర్చున్నాడు. తాండూరు దాకా కిటికీలోంచి తల బయట పెట్టలేదు.

1984లో సేటు ఇంజన్ తీసేసి కరెంటు మోటారు బిగించాడు. పాత దిమ్మె అడ్డమైంది. దాన్ని తీయించే పని కిష్టప్పకే వచ్చింది.

"చిన్న మందు తూటా పెడదం, సేటూ. ఒక్క దెబ్బకు పోతది," అన్నాడు కిష్టప్ప.

కొత్త మోటారు దిమ్మె నాలుగడుగుల దూరంలోనే ఉందని, గోడ అవతల పిల్లల బడి ఉందని ఆయనకు తెలుసు. తెలిసే అడిగాడు. తూటా పేలితే అంతా ముక్కలై కలిసిపోతుంది; ఏ ముక్క ఎక్కడిదో ఎవరూ చెప్పలేరు.

సేటు ఒప్పుకోలేదు. హైదరాబాద్ నుంచి నిసార్ అనే పనివాడిని ఒక యంత్రంతో పిలిపించాడు. చూడటానికి అదేమంత గొప్పగా లేదు. మూరెడు పొడవు ఉక్కు మేకు, దానికి రెండు పక్కలా రెండు ఉక్కు రెక్కలు, వెనక నూనె పంపు, రబ్బరు గొట్టాలు. రెక్కలను బెజ్జంలో దించితే, నూనె ఒత్తిడికి మేకు వాటి మధ్య దిగుతూ రెండింటినీ చెరో పక్కకు తోస్తుంది. ఎంత బరువు మీద పెట్టినా ఓర్చుకునే కాంక్రీటు లోపలినుంచి విడదీస్తే ఓర్చుకోలేదు.

"చప్పుడుండది, రాళ్ళెగురయి," అన్నాడు నిసార్. "బడిల పంతులు నిద్ర గూడ ఖరాబ్ గాదు. బెజ్జం మాత్రం సీదా ఉండాలె."

సీదాగా తొలిచే మనిషి కావాలని గనికి కబురు పెడితే, వచ్చినవాడు మత్తయ్య.

కిష్టప్పను చూసి ఆయన తలపంకించాడు. "బాగున్నవా మేస్త్రీ" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా డ్రిల్లు మిషను దగ్గరికి వెళ్ళాడు. ఆ రోజంతా తొలిచి ఆరు బెజ్జాలు వేశాడు. ఏ బెజ్జంలోంచి తోడిన దుమ్మును ఆ బెజ్జం పక్కనే కుప్ప పెట్టాడు. అది గని అలవాటు. లోపల ఏ పొర ఉందో దుమ్మే చెబుతుంది.

మరునాడు పొద్దున కిష్టప్ప అందరికంటే ముందు మిల్లుకు వచ్చాడు. దక్షిణం వైపు రెండు కుప్పలు బూడిద రంగులో ఉన్నాయి. మూడోది, దాని తర్వాతివి పసుపు. నలుదిక్కులా చూసి, చెప్పుతో ఆ నాలుగు కుప్పలనూ చెదరగొట్టి, చీపురు తెచ్చి తానే ఊడ్చాడు. తలెత్తేసరికి నీళ్ళ తొట్టి దగ్గర మత్తయ్య ముఖం కడుక్కుంటున్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు.

మొదటి బెజ్జం దగ్గర పంపు ఒత్తిడి పెరిగింది. జొన్నరొట్టె విరిగినంత చప్పుడైంది. దిమ్మె పైనుంచి కిందిదాకా గీత గీసినట్టు విచ్చింది. రెండోదీ అంతే. మూడో బెజ్జంలో మాత్రం పగులు కిందికి దిగలేదు. లోపల ఎక్కడో అడ్డం తిరిగింది. పై పొర పక్కకు జరిగి, మేకు రెక్కల మధ్య వంకరగా ఇరుక్కుపోయింది.

నిసార్ పంపు ఆపాడు. "క్యా చచా, బెజ్జం వంకర పొడిచినవ్. మేకు వంగితే నా నౌకరి పోతది."

సేటు మత్తయ్య వైపు తిరిగాడు. "గప్పుడూ నువ్వే, గిప్పుడూ నువ్వే. అప్పుడు నీళ్ళు, ఇప్పుడు బెజ్జం. నీ చెయ్యి పడితే నా మిల్లుకు గిదే గతి."

మత్తయ్య నాలుగో బెజ్జంలో పొడవాటి కమ్మీ దించి, పక్కన గుండుదారం పట్టాడు. "గిది గూడ గా చేతితోనే పొడిచిన. వంకరుంటె చెప్పుండ్రి."

నిసార్ వంగి చూశాడు. దారానికీ కమ్మీకీ వెంట్రుకవాసి తేడా లేదు. "సీదానే ఉంది," అని ఒప్పుకున్నాడు. "అయితే లోపలనే ఏదో ఉన్నది. మేస్త్రీ సాబ్, కట్టింది మీరేనట గద. ఏం పోసిండ్రు?"

అందరూ కిష్టప్పను చూశారు. నిజం చెప్పడానికి అంతకంటే తేలికైన ఘడియ ఆయనకు మళ్ళీ దొరికేది కాదు. ఎవరూ గద్దించలేదు, ఎవరూ అనుమానించలేదు; ఉత్త ప్రశ్న.

"పదమూడేండ్లాయె," అన్నాడు కిష్టప్ప. "యాదికి లేదు."

మత్తయ్య నడుం దగ్గర దోపుకున్న తంబాకు డబ్బీ తీశాడు. మూత విప్పి దిమ్మె మీద బోర్లించాడు. పిడికెడు పసుపు దుమ్ము.

"నిన్న మూడో బెజ్జంలకెల్లి తీసింది. కాంక్రీటు గిట్ల పచ్చగ రాదు. నిన్న పొద్దుగాలనే నాకు ఎరుకైంది, మేస్త్రీ. నువ్వే చెప్తవని ఆగిన. ఇయ్యాల నువ్వు ఊడ్వంగ చూసి గూడ ఆగిన."

కిష్టప్పకు ఆ దుమ్ము తప్ప ఏమీ కనిపించలేదు. తలెత్తకుండానే చెప్పాడు. లారీ సంగతి, బండల సంగతి, మత్తయ్యను తానే ఊరు దాటించిన సంగతి. చెబుతుంటే అదెంత చిన్న కథో ఆయనకు తెలిసివచ్చింది. పూర్తికావడానికి బీడీ కాలినంత సేపైనా పట్టలేదు.

సేటు కాసేపు గొణిగాడు. "సరే, ఎన్నటి మాటనో. పోనీ. ముందు మేకు తియ్యుండ్రి."

తిడితే కిష్టప్ప భరించేవాడేమో. పోనీ అన్న మాట భరించలేకపోయాడు. మత్తయ్య ఇన్నేళ్ళు తాపీ పనికి దూరమవడం, కనుబొమల మీద ఆ దుమ్ము, అన్నీ కలిపి సేటుకు అంతే. మత్తయ్యకు అంత తక్కువ వెల కట్టడం సేటుకు నేర్పింది తానే.

"మత్తయ్యా, నన్నేం జెయ్యమంటవో చెప్పు," అన్నాడు.

"నాతోని చెప్పుడు దేనికి? నాకు ఎరుకే గద," అన్నాడు మత్తయ్య, డ్రిల్లు గొట్టం చుట్టుకుంటూ. "గప్పుడు యాడ చెప్పినవో గాడ చెప్పు."

ఆయన మధ్యాహ్నం బస్సుకే గనికి వెళ్ళిపోయాడు.

మరునాడు కిష్టప్ప అడ్డాకు వెళ్ళాడు. ముప్పైమంది దాకా ఉన్నారు. మేకుకు లొంగని బండల పొరను గడ్డపారలతో తీయడానికి ఆయనకు ఆ పూట ఆరుగురు మనుషులు కావాలి. పనికి పిలుస్తాడనుకుని కొందరు లేచారు. వాళ్ళను కూర్చోమని, తాను నిలబడి, మిల్లులో చెప్పినదంతా మళ్ళీ చెప్పాడు.

అడ్డాలో అందరికంటే పెద్దవాడు హన్మయ్య అనే ముసలి మేస్త్రీ. ఆయన అడిగాడు: "గీ సంగతి మత్తయ్యకు ఎరికేనా?"

"నేను నోరు తెరవకముందే ఎరుక."

"మరి మాకెందుకు చెప్తున్నవ్?"

"గా దినం మీకే చెప్పిన గద."

వెనక ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. పనికి ఎవరొస్తారని కిష్టప్ప అడిగినప్పుడు ఇద్దరే లేచారు. ఆ ఇద్దరినీ తీసుకుని మిల్లుకు వెళ్ళాడు. నలుగురు చేయవలసిన పని మిగిలింది. ఉత్తరం సగంలోని బండల పొరలోకి గడ్డపార దించి, తాను పరిపించిన ఒక్కొక్క ముక్కనూ, సాయంత్రం దాకా, కిష్టప్పే పైకెత్తాడు.