బూట్లతో ఎక్కిన రోజు

మా ఊరి నుంచి జగిత్యాలకు నేరుగా బస్సు లేదు. ఎల్లారెడ్డిపేట మండలంలో మాలాంటి మూల ఊళ్ళ వాళ్ళు అటు వెళ్ళాలంటే ముందు సిరిసిల్ల, అక్కడి నుంచి వేములవాడ, అక్కడ మళ్ళీ ఇంకో బస్సు. పొద్దున ఆరింటి బస్సు దొరికితే పదింటికల్లా జగిత్యాలలో దిగొచ్చు. ఏడింటి బస్సును మాత్రం నమ్ముకోవద్దు. అది వస్తే వచ్చినట్టు, రాకపోతే ఎవరినీ అడగడానికి కూడా ఉండదు. నేను వెళ్ళిన పని మీదే వెళ్ళాల్సినవాళ్ళు మా చుట్టుపక్కల చాలామంది ఉన్నారు కాబట్టి ఇవన్నీ రాస్తున్నాను.

పని అంటే ఉద్యోగమే. నేను తాళ్ళు, అంటే తాటిచెట్లు, ఎక్కి కల్లు గీసేవాణ్ణి. పదో తరగతితో చదువు ఆగిపోయింది. పొలాలు ప్లాట్లయ్యే కొద్దీ తాటిచెట్లు నేలకూలాయి, చివరికి నా వంతుకు ఆరు మిగిలాయి. ఆరు చెట్ల మీద నేనూ, నా భార్య పద్మ, ఇంటర్ చదివే మా బిడ్డా ఎలా బతకాలి? పద్మ బీడీలు చేస్తుంది, దానికీ నెలలో సగం రోజులే పని. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్లన్నీ తిరిగాను. "పని వచ్చా?" అన్నారు. నేర్చుకుంటానంటే, ఉన్నవాళ్ళకే పని లేదన్నారు. బట్టల దుకాణంలో నా మొహం చూసి "ఏజ్ ఎక్కువున్నది గదన్నా" అన్నారు. నలభై కూడా రాలేదు నాకు! నాకు తెలిసిందల్లా ఎత్తులెక్కడం ఒక్కటే. దానికి ఉద్యోగం ఎవడిస్తాడు?

గల్ఫ్‌లో ఇస్తారట. అక్కడ పెద్ద పెద్ద భవనాలు కట్టేటప్పుడు చుట్టూ ఇనుప పైపులతో పరంజా కడతారు. దానికి మనుషులు కావాలని సిరిసిల్లలో ఒక ఏజెంటు చెప్పాడు. "గౌడ్ సాబ్, మీరయితె కండ్లు మూసుకొని పాసయితరు. మీకు ఎత్తంటే భయమే ఉండదాయె" అన్నాడు. జగిత్యాలలో ట్రేడ్ టెస్ట్. పైపులెక్కి చూపించాలి, నచ్చితే తీసుకుంటారు. రెండేళ్ళ పని. నా చెట్లు ఆ ఒక్క రోజుకు సత్తయ్య ఎక్కుతానన్నాడు. సత్తయ్య నా తోటి గీతగాడు, చిన్నప్పటి నుంచీ దోస్తు. పద్మ గడపలో నిలబడి "పాసయితె ఫోన్ చెయ్, కాకున్నా చెయ్" అంది.

సిరిసిల్లలో బస్సు మారాను. వేములవాడ చేరేసరికి ఎనిమిది దాటింది. సోమవారం మాత్రం ఈ దారిన వెళ్ళకండి. గుడికొచ్చిన జనంతో బస్టాండులో కాలు పెట్టే సందు ఉండదు. నేను వెళ్ళింది మంగళవారం. అయినా నున్నటి గుండ్లతో, చంకల్లో పిల్లలతో బెంచీలన్నీ నిండి ఉన్నాయి. అందరూ గుంపులు గుంపులుగా వచ్చారు. నేనొక్కణ్ణే ఒక మూల నిలబడి ఇడ్లీ తిన్నాను. ఇడ్లీ బాగుంది, చట్నీ నీళ్ళు.

జగిత్యాల బస్సులో నా పక్కన మల్యాలలో దిగాల్సిన ఒకావిడ కూర్చుంది. ముప్పై ఏళ్ళుంటాయి, ఒళ్ళో బియ్యం సంచి. ఎటు, ఎందుకు అని అడిగితే చెప్పాను.

"దుబాయా? మా ఆయన మస్కట్ల ఉన్నడన్నా. పెండ్లయి పదేండ్లాయె, ఇంట్ల ఉన్నది ఏడాది గూడ గాదు."

"మరి పంపుడెందుకమ్మా?"

"ఉంటె ఏం తింటం?" అంది మామూలుగానే. తర్వాత కిటికీలోంచి కొండగట్టు గుడి వైపు చేతులు జోడించి, "నీకు కావాలెనని గూడ మొక్కిన, పో" అంది. మల్యాలలో సంచి దించి పెడితే వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. ఆ సీటు జగిత్యాల దాకా ఖాళీగానే ఉంది.

జగిత్యాలలో టెస్టు జరిగే చోటు ఊరి బయట ఉంది. బస్టాండు నుంచి షేర్ ఆటోలుంటాయి. నడుస్తానని మొండికేయొద్దు, నేను నడిచి చెమటతో తడిసిపోయాను. ప్రహరీ లోపల పెద్ద ఖాళీ స్థలం, మధ్యలో మూడంతస్తుల ఎత్తున పైపుల పరంజా. ఒక పక్క బరువైన బూట్ల కుప్ప, హెల్మెట్లు, నడుముకు కట్టుకునే బెల్టులు. ఆ బెల్టుకు తాడు, తాడు చివర కొక్కెం. వందమంది దాకా ఉన్నారు గానీ ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. పక్కవాడికి వస్తే మనకు రాదేమోనన్న అనుమానం అందరి మొహాల్లోనూ ఉంది. నా మొహంలోనూ ఉండే ఉంటుంది.

ఫోర్‌మన్ నిజామాబాద్ వైపు మనిషి. ఇరవై ఏళ్ళుగా గల్ఫ్‌లోనే పని చేస్తున్నాడట. నా పేరు పిలిచాడు. బూట్లు తొడుక్కుని, బెల్టు కట్టుకుని పరంజా దగ్గరికి వెళ్ళాను. తల పైకెత్తి చూశాను. మా తాళ్ళ ముందు ఇదెంత! నాకు నవ్వొచ్చింది. వంగి బూట్లు రెండూ విప్పి పక్కన పెట్టాను. పైపును ముట్టుకుని కళ్ళకద్దుకున్నాను. వేలాడుతున్న కొక్కెం కాళ్ళకు అడ్డం పడుతోందని తాడుతో సహా భుజాన వేసుకున్నాను. ఎక్కేశాను. నేను పైకి చేరి కిందికి పిలిచేదాకా అప్పుడే ఎక్కేశానని ఎవరికీ అర్థం కాలేదు. కింద ఈలలు వేశారు కూడా.

దిగొచ్చేసరికి ఫోర్‌మన్ నా బూట్లు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"గివెందుకు ఇడిసినవ్?"

"చెట్టు ఎక్కేటప్పుడు చెప్పులిడుస్తం సార్."

"గిది చెట్టా?"

పదిహేనేళ్ళ వయసులో మా నాయన మొదటిసారి చెట్టెక్కించినప్పుడు చెప్పులు విప్పించాడు. అన్నం పెట్టేదాన్ని చెప్పుకాలితో తొక్కకూడదన్నాడు. అప్పటి నుంచి ఎక్కే ముందు చేతులు వాటంతటవే కాళ్ళ దగ్గరికి పోతాయి. నేను విప్పానని కూడా నాకు తెలియలేదు.

"మస్తు ఎక్కినవ్. గని ఫెయిల్" అన్నాడు ఫోర్‌మన్. తర్వాతి పేరు పిలిచాడు.

గోడ నీడన కూలబడ్డాను. ఫోన్ తీశాను, మళ్ళీ జేబులో పెట్టాను. కాకున్నా చెయ్ అంది పద్మ. కాలేదని ఏ నోటితో చెప్పను? అప్పుడొచ్చి పక్కన కూర్చున్నాడు గంగాధర్. ముత్యంపేట మనిషి, నా ఈడే, రెండుసార్లు గల్ఫ్ వెళ్ళొచ్చిన మేస్త్రీ. ప్లాస్టరింగ్ టెస్టులో అప్పుడే పాసయ్యాడు.

"అన్నా, ఆళ్లకు నువ్వెంత జల్ది ఎక్కినవన్నది గాదు. కిందవడకుంట ఎట్ల ఎక్కినవన్నదే గావాలె. రేపు గిదే ఫోర్‌మన్ కోరుట్లల టెస్ట్ వెడుతుండు. రా పోదాం. నాకు గా దిక్కే బస్సు."

సత్తయ్యకు ఫోన్ చేసి రేపు కూడా నా చెట్లు చూడమన్నాను. సరేనన్నాడు.

జగిత్యాల నుంచి కోరుట్లకు బస్సులకు కొదవ లేదు, గంటలోపే తీసుకెళ్తాయి. దారంతా గంగాధర్ చెబుతూనే ఉన్నాడు: ముందు బూటు, తర్వాత బెల్టు, ప్రతి అడుగుకూ కొక్కెం పైన తగిలించాకే కాలు ఎత్తాలి. కోరుట్ల బస్టాండులో దిగాక సంచిలోంచి తన పాత బూట్లు తీసి నా చేతిలో పెట్టాడు. "పెద్దగయితయి, ముందట పేపర్ కుక్కు. మల్ల ఇయ్యకు, కంపెనీ కొత్తయి ఇస్తది నాకు" అన్నాడు. మల్లాపూర్ వైపు బస్సు కదులుతుంటే పరుగెత్తి ఎక్కాడు. అంత మంచి మనిషికి థాంక్స్ అన్నా చెప్పలేదు నేను.

బస్టాండు ఎదురుగానే లాడ్జీలున్నాయి. మంచి గదేమీ కాదు, ఫ్యాను తిరిగింది, నీళ్ళు వచ్చాయి, చాలు. సాయంత్రం ఆ బూట్లు తొడుక్కుని లాడ్జి మెట్లు ఎక్కడం, దిగడం మొదలుపెట్టాను. బెల్టు లేదు కాబట్టి తువ్వాలు ముడేసి రెయిలింగుకు కొక్కెంలా తగిలిస్తూ ఎక్కాను. కాసేపటికి మేనేజర్ లేచొచ్చాడు.

"ఏందన్నా, ఊకె పైకి పోతున్నవ్? పైన ఎవలన్న ఉన్నరా?"

"ఎవలు లేరు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ ఊళ్ళో పైనా లేరు, కిందా లేరు. గదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను, దాచడమెందుకు?

మర్నాడు తొమ్మిదింటికి కోరుట్ల టెస్టు. ఫోర్‌మన్ నన్ను గుర్తుపట్టి కూడా పట్టనట్టే ఉన్నాడు. ఈసారి చేతులు రెండూ బెల్టు మీదే పెట్టుకుని నిలబడ్డాను, కిందికి పోకుండా. కొక్కెం తగిలించాను, కాలెత్తాను.

బూటు లోపల పాదానికి ఏమీ తెలియడం లేదు. పైపు గుండ్రంగా ఉందో, తడిగా ఉందో, కాలు ఆనిందో జారిందో! ఇన్నేళ్ళు నన్ను మోసిన పాదాలు రెండు మొద్దులైపోయాయి. కళ్ళతో చూసి కాలు పెట్టాల్సి వచ్చింది. కాలు చూడబోతే దాని కింద నేల కనిపించింది. నా జన్మలో మొదటిసారి ఎత్తు మీద భయమేసింది. కొక్కెం ఒక్క దెబ్బకు తగల్లేదు, పైపుకు కొట్టుకుని టకటకమని చప్పుడైంది. పైకి చేరడానికి నిన్నటికి నాలుగింతలు పట్టింది. పోయింది, ఇదీ పోయిందనుకుంటూ దిగాను.

"పాస్" అన్నాడు ఫోర్‌మన్.

నమ్మలేక అక్కడే నిలబడ్డాను.

"నిన్న నీకు భయం లేకుండె. భయం లేనోణ్ని తీస్కపోతె ఆని ఇంటోళ్లకు నేనే జవాబు చెప్పాలె. ఇయ్యాల భయపడ్డవ్. చాలు, పో" అన్నాడు.

పద్మకు ఫోన్ చేశాను. "నిన్న ఎందుకు చెయ్యలె?" అనే అడిగింది ముందు. పాసయ్యానని చెప్పాను. "ఎన్నడు పోవాలె?" అంది. నెలలోపు అన్నాను. "బువ్వ తిన్నవా?" అంది. నేను తిన్నానన్నాను, తినలేదు.

తిరుగు ప్రయాణానికి జగిత్యాల మీదుగా రానక్కర్లేదు. కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి దారిన వేములవాడకు బస్సుంది, దగ్గర. కిటికీ పక్కన సీటు దొరికింది. ఈ దారిలో పొలం గట్ల మీద ఇంకా తాళ్ళు మిగిలి ఉన్నాయి. ఎప్పుడూ తాటిచెట్టు కనిపిస్తే ఎన్ని గెలలున్నాయి, ఎంత కల్లు దిగుతుంది అని చూసేవాణ్ణి. ఆ రోజు ఎంత ఎత్తుందా అని చూశాను. కావాల్సిన ఉద్యోగం వచ్చింది, సంతోషంగానే ఉండాలి. ఎందుకో పక్క సీటతనితో కూడా చెప్పాలనిపించలేదు. ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే: వాళ్ళు ఏం చూస్తారో తెలుసుకుని వెళ్ళండి, మీకు ఏం వచ్చో చూపించడానికి వెళ్ళకండి.

ఊళ్ళో దిగేసరికి అయిదున్నర, చెట్ల మీంచి లొట్లు, అంటే కల్లు కుండలు, దించే వేళ. ఇంటికి పోకుండా చెట్ల దగ్గరికే వెళ్ళాను. సత్తయ్య అప్పటికే అక్కడున్నాడు. "నేనెక్కుత, నువ్వు కూసో" అని ఆయన దగ్గర చెట్టెక్కే మోకు తాడు తీసుకున్నాను. బూట్లు విప్పాను. చెట్టును ముట్టుకుని కళ్ళకద్దుకుని ఎక్కాను. పాదాలకు చెట్టు తెలిసింది, ప్రాణం లేచొచ్చింది. సగానికి పోయాక ఎందుకో కిందికి చూశాను. ఇన్నేళ్ళలో ఎన్నడూ చూడలేదు. అడుగున నా బూట్లు రెండూ చిన్నగా కనిపించాయి. పొద్దుటి భయమే చెట్టు మీదా పట్టుకుంది. చెట్టును కావలించుకుని అక్కడే ఆగిపోయాను.

"ఏమైందిర?" అని అరిచాడు సత్తయ్య.

"ఏం లేదు" అని లొట్టి దించకుండానే దిగొచ్చాను.

ఆరు చెట్లూ ఆయనే ఎక్కాడు. నేను కింద బూట్ల పక్కన కూర్చుని, పడతాడేమోనని చూస్తూ ఉన్నాను.