ఏకాదశి నాడు మీరేం తింటారు?

నా చిన్నప్పుడు నేను చూసిన మొదటి పరాయి దేశం నేపాల్. అప్పటికి నాకు పదేళ్లు. మా బాపమ్మ, అంటే నాన్న తల్లి, పశుపతినాథుణ్ణి ఒక్కసారైనా చూడాలని ఎన్నో ఏళ్లుగా అనుకుంటూ ఉండేది. వరంగల్ బజారులో మా నాన్నకు కిరాణా దుకాణం. దాన్ని వదిలి ఆయన రాలేడు. అమ్మ ఒళ్లో చంటి తమ్ముడు. అందుకని బజారులోని నాలుగైదు కుటుంబాలవాళ్లు కలిసి యాత్రకు బయలుదేరినప్పుడు, ముసలామెకు తోడుగా నన్ను పంపారు. ఎవరికి ఎవరు తోడు వెళ్లామో ఇప్పటికీ చెప్పలేను.

తిండి విషయంలో బాపమ్మ నిష్ఠ మా బజారంతటికీ తెలుసు. మా వంటింట్లోకి మాంసం మాట అటుంచి, ఉల్లి, వెల్లుల్లి కూడా రావు. తాతయ్య పోయినప్పటి నుంచి ఆమె బయట ఎక్కడా మంచినీళ్లయినా ముట్టేది కాదు. దగ్గరివాళ్ల పెళ్లికి వెళ్లినా అక్షింతలు వేసి, ఒక అరటిపండు తిని వచ్చేసేది. అలాంటి మనిషి అంతదూరం కదిలిందంటే, మా వాడకట్టు వంటమనిషి, పొయ్యిలు, బియ్యం, పప్పులు అన్నీ వెంట వస్తున్నాయన్న ధైర్యంతోనే.

కాశీ దాకా రైలు. అక్కడి నుంచి రెండు బస్సులు. వంటమనిషీ సామానూ ముందు బస్సులో, మేము వెనక బస్సులో. సరిహద్దు దాటి కొండలు ఎక్కుతుండగా వాన పట్టుకుంది. ముందు బస్సు ఒక మలుపు తిరిగి కనుమరుగైంది. మేము అదే మలుపు చేరేసరికి కొండచరియ విరిగిపడి దారి మూసుకుపోయి ఉంది. రాళ్లు తీయడానికి రెండు రోజులు పడుతుందని డ్రైవర్ కనుక్కొని వచ్చి చెప్పాడు.

మొదటి రోజు మా సంచిలోని అటుకులతో, అరటిపండ్లతో గడిచింది. రెండో రోజు పొద్దుటికి అవి అయిపోయాయి. బస్సులో మిగతావాళ్లు రోడ్డు పక్క దుకాణాల్లో ఏది దొరికితే అది తిన్నారు. బాపమ్మ మాత్రం కొండ మీంచి కారే నీళ్లు దోసిట పట్టుకొని తాగి, నాకూ తాగించి ఊరుకుంది. మధ్యాహ్నం బస్సు దిగి నాలుగడుగులు వేసి, ఒక రాయి మీద కూలబడిపోయింది. నాకు ఏడుపు వచ్చేసింది.

"ఉపాసాలు నాకు అలవాటేనే. నాకు ఫికర్ లేదు. నీ మొకం చూస్తెనే పానం గుంజుతాంది," అంది.

ఎదురుగా రాతి గోడల చిన్న ఇల్లు ఒకటి ఉంది. గుమ్మంలో నిలబడి ఒకామె మమ్మల్నే చూస్తోంది. మా అమ్మ వయసు ఉంటుంది. గబగబా వచ్చి బాపమ్మ చేయి పట్టుకొని లేపి ఇంట్లోకి తీసుకెళ్లింది. పొయ్యి దగ్గర చాప పరిచింది. మేము ఏమీ అడగకముందే ఒక పళ్లెంలో అన్నం, పప్పు తెచ్చి నా ముందు పెట్టింది. పొగలు కక్కుతున్న అన్నం. చేయి పెట్టబోయి పైకి చూశాను. పొయ్యి మీద, పొగ తగిలే చోట, తాడుకు మాంసం ముక్కలు ఆరగట్టి ఉన్నాయి.

"ఛీ!" అంటూ పళ్లెం తోసేశాను. అన్నం సగం నేల మీద పడింది.

ఆమెకు తెలుగు రాదు. కానీ ఛీ అన్న మాట అర్థం కావడానికి ఏ భాషా రానక్కర్లేదు. ఆమె ముఖం ఒక్కసారిగా చిన్నబోయింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ పక్కకు తిరిగింది. ఆమె మా కోసం పెట్టింది ఆమె ఇంటివాళ్లు ఆ పూట తినాల్సిన అన్నమని నాకు చాలా పెద్దయ్యాక గాని తోచలేదు.

బాపమ్మ నా వీపు మీద ఒక్కటి వేస్తుందని బిగుసుకుపోయాను. కానీ ఆమె నేల మీద పడిన మెతుకులు ఒక్కొక్కటీ ఏరి పళ్లెంలో వేసింది. తర్వాత మెల్లగా, నాకు మాత్రమే వినిపించేలా అంది:

"తినబుద్ధి గాకుంటే తినకు. గని ఛీ అనకు బిడ్డా. అది ఆమె తినే బువ్వ. ఆమె ఇంట్లకు మనం వచ్చినం."

అని, చాప మీంచి లేచి పొయ్యి పక్కనే, ఆమె దగ్గరికి జరిగి కూర్చుంది. ఇంట్లో వేరేవాళ్ల నీడ పడితే వంట పక్కన పెట్టే మా బాపమ్మ! నేను నోరు తెరుచుకొని చూస్తున్నాను. దుకాణానికి వచ్చేవాళ్లతో మాట్లాడి నేర్చుకున్న దక్కనీ హిందీలో బాపమ్మ ఆమెను అడిగింది:

"ఏకాదశి కు క్యా ఖాతే, అమ్మా?"

మిగతా మాటలు ఎంతవరకు తెలిశాయో గాని, ఏకాదశి అన్న మాట వినగానే ఆమె ఇటు తిరిగింది. కళ్లు పెద్దవయ్యాయి. "ఏకాదశి!" అని తనూ అని, గుండె మీద చేయి వేసుకొని తల ఊపింది. తనూ ఆ రోజు ఉపవాసం ఉంటుందన్నమాట. లోపలి గదిలోకి వెళ్లి, బట్టలో చుట్టి పెట్టిన ఒక చిన్న ఇత్తడి గిన్నె తెచ్చి చూపింది. ఉపవాసం రోజున తప్ప దాన్ని వాడదని సైగలతో చెప్పింది. మాంసం ముక్కలు కట్టిన తాడు తనే విప్పి బయటికి తీసుకెళ్లింది. పొయ్యి అలికింది.

ఆ గిన్నెలో ఆలుగడ్డలు ఉడికాయి. నల్లటి పిండి ఒకటి కలిపి రొట్టెలు వేసింది. ఆ పిండిని అక్కడ ఫాపర్ అంటారని, ఉపవాసానికి తింటారని తర్వాత తెలిసింది. బాపమ్మ నన్ను కళ్లతోనే లేపింది. నేను వెళ్లి ఆమెకు దండం పెట్టి, పక్కన కూర్చొని ఆలుగడ్డల పొట్టు తీశాను. వేడికి వేళ్లు కాలి ఊదుకుంటుంటే ఆమె నవ్వి నా చేతులు తన చేతుల్లోకి తీసుకొని ఊదింది. నేను చేసింది ఆమె అప్పటికే మరిచిపోయింది. లేదా మరిచిపోయినట్టు నటించింది.

మిరియాల్లాంటి గింజలేవో నూరి, ఉప్పుతో కలిపి ఆలుగడ్డల మీద చల్లింది. నాలుక జివ్వుమంది. బాపమ్మ తన సంచిలోంచి మా ఇంటి మిరప్పొడి తీసి ఆమె రొట్టె మీద చిటికెడు వేసింది. ఆమె నోట్లో పెట్టుకొని, దగ్గి, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ ఇంకొంచెం వేయమని చేయి చాపింది. ముగ్గురం తిన్నాం. తాతయ్య పోయాక పరాయి పొయ్యి మీది వంట బాపమ్మ తినడం అదే మొదలు. రెండో రొట్టె అడిగి మరీ పెట్టించుకుంది.

మర్నాడు దారి తెరుచుకుంది. దర్శనం బాగా జరిగింది. ఇంటికొచ్చాక పక్కింటావిడ ముక్కు మీద వేలేసుకొని, "ఎవరో ఏమో, వాళ్లింట్ల ఎట్ల తిన్నవమ్మా?" అని అడిగింది.

"ఆకలైంది, తిన్నం. ఆమె దేవుని గిన్నెల వండి పెట్టింది. ఇంకేం గావాలె?" అంది బాపమ్మ, బియ్యం ఏరడం ఆపకుండానే.

నేను టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఏడాదికొక దేశమైనా చూడాలని మా ఆయనా నేనూ బయలుదేరుతుంటాం. మొన్నామధ్య వియత్నాంలో ఒక చిన్న హోటల్లో మా ఆయన ఫోన్‌లో వాళ్ల భాషలో రాసుకున్న జాబితా చూపించారు. మాంసం వద్దు, చేప వద్దు, గుడ్డు వద్దు, చేపల సాసు వద్దు. హోటలామె ఒక్కొక్కటే చదువుతుంటే ముఖం వాడిపోతోంది. నేను ఫోన్ తీసుకొని, "గుడికి వెళ్లే రోజున మీ అమ్మగారు ఏం తింటారు?" అని ఆమె భాషలోకి మార్చి చూపించాను. ఆమె గట్టిగా నవ్వి, "చాయ్! చాయ్!" అంది. "చాయ్ గాదమ్మా, అన్నం గావాలె," అని మా ఆయన కంగారుపడ్డారు. వాళ్ల భాషలో శాకాహారాన్ని అలాగే అంటారట. అమావాస్యకూ పౌర్ణమికీ వాళ్లమ్మ అదే తింటుందట. వేరే బాణలి తీసి పుట్టగొడుగులు, సోయా పన్నీరు వేయించి అన్నంతో పెట్టింది. మేము తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చొని వాళ్లమ్మ ఫోటోలు చూపించింది. జార్జియాలో కూడా ఉపవాసం రోజుల వంట ఏమిటని అడిగితే, అక్రోటు ముద్ద కూరిన వంకాయలు వచ్చాయి. మా ఆయన ఇప్పటికీ వాటిని తలుచుకుంటారు.

ఆ ప్రశ్న అడిగిన ప్రతిచోటా భోజనం దొరికిందని చెప్పను. ఒకటి రెండు చోట్ల అడిగినా ఫలితం లేక, రొట్టె, పండుతో సరిపెట్టుకున్నాం. అలా ఆకలితో లేచిన పూటలు ఉన్నాయి గాని, పెట్టబోయిన మనిషిని చిన్నబుచ్చి లేచిన పూట మాత్రం మళ్లీ లేదు.