భార్య వైపు స్పీకరు

కార్లలో పాటలు పలకకపోతే ఊరంతా పరుగెత్తేది ఆ స్టీరియో మెకానిక్ దగ్గరికే. "ముందు బటన్లు చూసుకోండి, స్క్రూలు తర్వాత విప్పుదురుగాని!" అని వచ్చినవాళ్లకల్లా చీవాట్లు పెట్టేవాడు. సొంత కారులో భార్య వైపు స్పీకరు మాత్రం పద్దెనిమిదేళ్లుగా మూగది. ఆవిడ పోరు పడలేక ఒక ఆదివారం ఆ వైపు తలుపంతా ఊడదీశాడు. వైర్లు బాగున్నాయి, స్పీకరూ బాగానే ఉంది. చెమట తుడుచుకుంటూ చూస్తే, పాటను ఏ పక్కకు పంపాలో చెప్పే బ్యాలెన్స్ బటన్ పూర్తిగా తన వైపే తిరిగి ఉంది.

నాలుక కరుచుకున్నాడు. ఆసుపత్రి నుంచి వస్తూ ఆవిడ పసికందును ఒళ్లో పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్న రోజు, పాప నిద్ర చెడకూడదని తిప్పింది తనే.

ఆ మాటే భార్యకు చెప్పాడు.

"పిల్ల ఎప్పుడో లేచిందండీ. ఇక నాకూ వినిపించండి."